చీటీకి మొహమాటం లేదు చెల్లీ

ప్రాజెక్టు టాపిక్ చేతికొచ్చిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదా? డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న ఆడపిల్లలందరిదీ ఇంచుమించు ఇదే బాధ. లెక్కలంటే మనకి భయం లేదు. సగటు కట్టమంటే కడతాం, గ్రాఫు గీయమంటే గీస్తాం. "మీ ఊళ్లో ఒక సర్వే చేసుకురండి" అనగానే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. ఎవరింటికి వెళ్లాలి? ఎంతమందిని అడగాలి? "ఎవరమ్మా నువ్వు, ఎందుకు రాసుకుంటున్నావు?" అంటే ఏం చెప్పాలి? ఇవన్నీ పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంటాయి. రెండు మార్కుల ప్రశ్నలే కదా అని చదివి వదిలేస్తాం. అసలు పనంతా అక్కడే ఉంది. టీ కలుపుకుని రా, ఒక్కొక్కటీ విప్పుకుందాం.

భద్రాచలం పక్కనున్న మన సారపాకలో కట్టెల పొయ్యి సంగతే తీసుకుందాం. గ్యాస్ బండ ఉన్న ఇళ్లలో కూడా ఎన్నిటిలో ఇంకా కట్టెల మీద వంట నడుస్తోంది? మన ఆడవాళ్ల కళ్లకీ ఊపిరికీ సంబంధించిన ప్రశ్న ఇది. మరి ముందుగా ఎవర్ని అడుగుతావు? ఎదురింటి వదినని, ట్యూషన్‌కొచ్చే పిల్లాడి వాళ్లమ్మని, పేపర్ మిల్లు క్వార్టర్స్‌లో ఉండే స్నేహితురాలిని, ఆమె పక్కింటావిడని. వాళ్లు కుర్చీ వేసి మంచినీళ్లిస్తారు, కసురుకోరు. సాయంత్రానికి యాభై ఫారాలు నిండుతాయి, మనసు తేలిక పడుతుంది. ఆ యాభైలో నలభై తొమ్మిది ఇళ్లలో గ్యాసే ఉంటుంది. సారపాకలో కట్టెల పొయ్యిలు దాదాపు లేనట్టేనని రాసేస్తాం. మరి రోజూ అడవి వైపు నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు ఆ రిపోర్టులో ఎక్కడున్నారు?

ఇందులో నీ చెడ్డతనం ఏమీ లేదమ్మా. చిన్నప్పటి నుంచీ మనకి అలవాటైన మొహమాటం అది. తెలిసినవాళ్ల గడపే తొక్కుతాం. కుక్క ఉన్న ఇల్లు వదిలేస్తాం. ఎండలో నడవాల్సిన గూడేనికి "రేపు చూద్దాంలే" అంటాం. ఎవర్ని అడగాలో మన కాళ్లు తేల్చేస్తే, దగ్గరవాళ్ల మాటే ఊరి మాట అయిపోతుంది. దీనికి మందు ఒకటే. ఎంచుకునే పని మన చేతుల్లోంచి తీసేసి చీటీకి అప్పగించాలి. చీటీకి చుట్టరికం తెలియదు, ఎండ తెలియదు, మొహమాటం అసలే తెలియదు. పుస్తకాల్లో ర్యాండమ్ శాంప్లింగ్ అని రాసేది ఈ సంగతే.

"అంత తిరగడం ఎందుకక్కా, వాట్సాప్ గ్రూపులో ఫారం పెడితే రెండు వందల మంది నింపేస్తారు కదా" అంటావేమో. నింపుతారు. ఎవరు నింపుతారు? చేతిలో స్మార్ట్‌ఫోన్, అందులో డేటా ఉన్నవాళ్లు, పైగా ఆ విషయం మీద ఏదో ఒకటి చెప్పాలని ఉబలాటపడేవాళ్లు. పొయ్యి ఊదుకుంటున్న పెద్దమ్మ ఆ గ్రూపులో ఉంటుందా? 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక, అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి కార్డులు పంపింది. ఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్లున్నవాళ్ల జాబితాల్లోంచి పేర్లు ఏరింది. ఇరవై లక్షలకి పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పనుల్లేక జనం అల్లాడుతున్న ఆ రోజుల్లో ఫోనూ కారూ లేని ఇళ్ల మాట వినకపోతే, ఇరవై లక్షల కార్డులు ఏం చేస్తాయి? గాలప్ అనే ఆయన అంతకన్నా ఎంతో తక్కువమందిని అడిగి, గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. కాబట్టి ఫారాల కట్ట లావుగా ఉందని మురిసిపోకు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు పెద్దవాళ్లు. నిజమే, గిన్నెలో నీళ్లు తెర్లుతూ అడుగుదీ పైదీ కలిసిపోతూ ఉంటే ఏ మెతుకైనా ఒకటే. ఊరు అలా కలిసిపోయి ఉండదు కదా. మిల్లు క్వార్టర్స్ ఒక తీరు, భద్రాచలం బ్రిడ్జి వైపు పోయే రోడ్డు మీద షాపులున్న ఇళ్లు ఒక తీరు, పాత ఊళ్లో సందులు ఒక తీరు, చివర ఉన్న గూడేలు మరో తీరు. ఊరంతా కలిపి ఒకే డబ్బాలో చీటీలు వేస్తే, గూడెం ఇళ్లు తక్కువ కాబట్టి ఒక్కటీ రాకుండా పోవచ్చు. అందుకని ముందు ఊరిని ఇలా నాలుగు భాగాలు చేసుకో. ఏ భాగంలో ఎన్ని ఇళ్లున్నాయో, ఆ వంతునే చీటీలు తియ్యి. పుస్తకం దీన్ని స్తరాలుగా విడదీయడం అంటుంది. గూడేల సంగతి విడిగా చెప్పాలనుకుంటే అక్కడ కొన్ని ఇళ్లు ఎక్కువే తీసుకో. మొత్తం ఊరి లెక్క కట్టేటప్పుడు మాత్రం వాటి వంతుకి తగ్గించుకోవాలి, మర్చిపోకు.

చీటీలు వెయ్యాలంటే ఇళ్ల జాబితా కావాలి కదా, అదెక్కడ దొరుకుతుంది? పంచాయతీలో ఇంటిపన్ను రికార్డు ఉంటుంది. ఓటర్ల జాబితా ఉంటుంది. నా మాట విని వీటికన్నా ముందు అంగన్‌వాడీ టీచర్‌ని కలువు. ఎవరింట్లో పసిబిడ్డ ఉంది, ఎవరు కొత్తగా అద్దెకి దిగారు, ఎవరు పనికని వలసపోయారు, అన్నీ ఆవిడకి తెలుసు. పోయేటప్పుడు పిల్లలు అన్నం తినే టైములో పోకు, ఆవిడకి ఊపిరాడదు.

మనవైపు జాబితాలతో ఇంకో చిక్కుంది. బయటి ఊరి పిల్లలకి ఈ బాధ ఉండదు. నెట్‌లో వెతికితే 2011 జనగణన పట్టికే ముందు దొరుకుతుంది. అందులో మనది ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయినప్పుడు, భద్రాచలం పట్టణం ఇక్కడ మిగిలి ఆ మండలం పల్లెలు అటు పోయాయి. మన బూర్గంపాడు మండలంలోనూ సారపాక, ఇరవెండి, సోంపల్లి, మోరంపల్లి బంజర లాంటి పన్నెండు ఊళ్లు తెలంగాణలో ఉండి, మిగిలినవి అటు చేరాయి. 2016లో మళ్లీ జిల్లా మారి భద్రాద్రి కొత్తగూడెం అయింది. పాత పట్టిక పట్టుకుని "మండలంలోని గ్రామాలు" అని చీటీలు వేస్తే, కొన్ని చీటీలు పక్క రాష్ట్రంలో తేలతాయి! జాబితా ఏ ఏటిదో చూసుకుని, ఊళ్లో వాళ్లతో ఒకసారి సరిపెట్టుకున్నాకే ముందుకెళ్లు.

జాబితాలో అసలే లేనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఛత్తీస్‌గఢ్ వైపు గొడవలు ముదిరినప్పుడు, 2005 తర్వాత, అటునుంచి కొండలు దాటి వచ్చి మన అడవుల అంచున గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు ఉన్నారు. చాలామందికి ఇంటినంబరు లేదు, కొందరికి రేషన్ కార్డు లేదు. కాగితం మీద లేని ఇంటికి చీటీ ఎలా తగులుతుంది? గ్యాస్ బండ వాళ్లదాకా చేరిందో లేదో తెలియాలంటే, ఆ గుంపుల పేర్లు నువ్వే వెళ్లి అడిగి, ఇళ్లు లెక్కపెట్టి జాబితాలో చేర్చుకోవాలి. ఒంటరిగా పోకు. ఆశా కార్యకర్త వెళ్లే రోజు కనుక్కుని ఆవిడతో పాటు వెళ్లు. కోయ భాష వచ్చిన అమ్మాయి మీ క్లాసులోనే ఉంటుంది, ఆమెని బతిమాలైనా తోడు తీసుకెళ్లు. తెలుగులో అడిగిన ప్రశ్నకి తల ఊపితే అది జవాబనుకుని రాసుకోవడం మహా పాపం.

ఇక "వంద ఇళ్లే కదక్కా, సరిపోతాయా?" అనే బెంగ. ఊళ్లో వేల ఇళ్లుంటే వంద అడిగితే ఏం తెలుస్తుందని అందరికీ అనిపిస్తుంది. ఒక చిన్న కొలత చెప్తా, రాసిపెట్టుకో. ఎన్ని ఇళ్లు అడిగావో దాని వర్గమూలం తీసి, ఒకటిని దాంతో భాగించు. వందకి వర్గమూలం పది, అంటే పదో వంతు. నీకొచ్చిన శాతం అసలు శాతానికి అటూ ఇటూ పది లోపు ఉంటుంది, నూటికి తొంభై అయిదు సార్లు. నాలుగు వందల ఇళ్లు అడిగితే ఆ తేడా అయిదుకి దిగుతుంది. నాలుగు రెట్లు తిరిగితే సగం తగ్గిందన్నమాట. ఇందులో ఊరు ఎంత పెద్దదన్న మాటే రాలేదు, చూశావా? సారపాకకైనా హైదరాబాద్‌కైనా ఇంచుమించు ఇదే లెక్క. అందుకే మన దేశంలో 1950 నుంచి జాతీయ నమూనా సర్వే కొన్ని ఇళ్లనే అడిగి దేశం సంగతి చెప్పగలుగుతోంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో ఇంటింటికీ వచ్చిన సమగ్ర కుటుంబ సర్వే వేరే సంగతి. అందర్నీ అడగడం దాని ఉద్దేశం, దానికి సర్కారు బలగమంతా కదిలింది. నీ దగ్గర ఉన్నది ఒక స్కూటీ, ఒక సెలవు వారం. వంద చాలు. ఈ లెక్క చీటీ వేసి ఎంచుకున్న ఇళ్లకే నడుస్తుందని మాత్రం గుర్తుంచుకో. తెలిసినవాళ్ల వంద ఇళ్లకి ఏ వర్గమూలమూ అక్కరకి రాదు.

చీటీలో వచ్చిన ఇంటికి తాళం ఉంటే? పక్కింటిని అడిగి సరిపెట్టేద్దామా? వద్దమ్మా. ఇంట్లో మనిషి లేకపోవడమే ఒక సమాచారం. మిర్చి ఏరే రోజుల్లో ఆడకూలీలు తెల్లారకముందే ఆటో ఎక్కి పోతారు, పొద్దుగూకాకే వస్తారు. మిల్లులో నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాళ్ల ఇంట్లో పగలు తలుపు తీయరు. పదకొండింటికి వెళ్లి తలుపు తీసిన ఇళ్లే అడిగితే, పనికి పోనవసరం లేనివాళ్ల పొయ్యి సంగతే తెలుస్తుంది. గ్యాస్ కొనుక్కోలేనిది పొద్దున్నే కూలికి పోయేవాళ్లే కదా? ఆ ఇంటికి ఒకసారి సాయంత్రం వెళ్లు, దొరక్కపోతే ఆదివారం వెళ్లు. అప్పటికీ దొరకకపోతే "దొరకలేదు" అని ఉన్నదున్నట్టు రాసి, అలాంటివి ఎన్నో రిపోర్టులో పెట్టు. లెక్చరర్ నిన్నేమీ అనరు, మెచ్చుకుంటారు.

ప్రశ్న అడిగే తీరు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. "ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుతున్నారా?" అని అడిగావనుకో. ఆ "ఇంకా" వినగానే అవతలి మనిషి ముఖం చిన్నబోతుంది. "లేదమ్మా, గ్యాసే" అనేస్తుంది, పెరట్లో పొగ లేస్తున్నా సరే. "నిన్న రాత్రి అన్నం దేని మీద వండారు వదినా?" అని అడిగి చూడు. నిజం దానంతటదే వస్తుంది. "గ్యాసు మీద టీ, అన్నం మాత్రం పొయ్యి మీద" అంటుంది. "స్నానానికి నీళ్లు?" అంటే "అబ్బో, అవెప్పుడూ కట్టెలే" అంటుంది. బండ ఉందా లేదా అని ఒక్క ముక్క అడిగి ఊరుకుంటే ఇదంతా జారిపోయేది. "బండ చివరిసారి ఎప్పుడు తెచ్చారు?" అన్నది ఇంకా మంచి ప్రశ్న. అయిదారు ఇళ్లలో ముందు ఈ ప్రశ్నలు అడిగి చూసి, తడబడిన చోట మాటలు మార్చుకున్నాకే ఫారాలు జిరాక్స్ తీయించు. వంద కాపీలు తీశాక తప్పు కనబడితే డబ్బులు దండగ.

ఈ చీటీల వ్యవహారం కాలేజీ పిల్లల ఆటని ఎవరైనా అంటే, కోతల రోజుల్లో మన పొలాల వైపు ఒకసారి చూడమను. పంట కోత ప్రయోగాలని వ్యవసాయ శాఖ, గణాంక శాఖ సిబ్బంది వస్తారు. ఎకరాకి ఎంత పండిందో ఊరంతా కోసి తూచలేరు కదా. ఏ సర్వే నంబరు చేనో ముందే ర్యాండమ్ అంకెలు చెప్పేస్తాయి. ఆ చేలోకి వెళ్లాక నైరుతి మూల నుంచి పొడవు వెంట ఇన్ని అడుగులు, వెడల్పు వెంట ఇన్ని అడుగులు నడవాలని కూడా అంకెలే చెప్తాయి. అవి ఆపిన చోట గూటం పాతి, తాడు పట్టి, వరికైతే అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున చతురస్రం కట్టి, లోపలి పంట కోసి, నూర్చి, తూస్తారు. గట్టు పక్కన బంగారంలా మెరిసే చోటుని రైతు చూపించినా అక్కడ కోయకూడదు. తెగులు తగిలిన మూలని చూపించినా అంతే.

అంత కట్టుదిట్టం చేసినా మొహమాటం తాడు మీదికొచ్చి కూర్చుంటుంది. సరిగ్గా తాడు కింద పడిన వరి కుదురు లోపలిదా, బయటిదా? కోసే చెయ్యి మెత్తబడి, "పోనీలే పాపం" అని లోపలికే లాగుతుంది. చతురస్రం చిన్నదైతే దాని వైశాల్యానికి అంచే ఎక్కువ, కాబట్టి ఆ పోనీలే కుదుళ్లూ ఎక్కువే. 1940ల్లో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే దీన్ని లెక్కగట్టి చూపించారు. చిన్న ముక్కల్లో కోస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుందని ఆయన తేల్చారు. బెంగాల్‌లో జనపనార పంట మీద చిన్న చిన్న ముక్కలతో అంత పెద్ద సర్వేలు నడిపిన మహలనోబిస్‌కీ ఆయనకీ దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఇద్దరు పెద్దవాళ్లు తాడు కింద కుదురు గురించి అంతగా వాదించుకున్నారంటే నాకు ముచ్చటేస్తుంది. పంటల బీమా ఉన్నచోట రైతుకొచ్చే డబ్బు ఎక్కువగా ఆ తూకం మీదే ఆధారపడుతుంది మరి.

సర్వే అయింది, ఇప్పుడు ప్రయోగం. సర్వేలో ఉన్నదాన్ని చూసి రాసుకుంటాం. ప్రయోగంలో మనమే ఒకటి మార్చి ఏమవుతుందో చూస్తాం. ఈ రెంటినీ కలిపేసుకుని మార్కులు పోగొట్టుకునే పిల్లలు చాలామంది. "పొగ తక్కువొచ్చే కొత్త పొయ్యి ఉన్న ఇళ్లలో పిల్లలకి దగ్గు తక్కువ" అని నీ సర్వేలో తేలిందనుకో. పొయ్యి వల్లే దగ్గు తగ్గిందని రాసేయొచ్చా? ఆ పొయ్యి కొనుక్కున్నవాళ్లకి వంటిల్లు విడిగా ఉండి ఉంటుంది, కిటికీ ఉండి ఉంటుంది, పిల్లల్ని వెంటనే డాక్టరుకి చూపించే స్తోమతా ఉండి ఉంటుంది. ఘనత పొయ్యిదా, కిటికీదా? సర్వే చెప్పలేదు. "రెండూ కలిసి కనబడ్డాయి" అని రాసి ఆగిపో.

కొత్త పొయ్యికి కట్టెలు నిజంగా తక్కువ పడతాయా అన్నది మాత్రం మనం ప్రయోగం చేసి తేల్చుకోవచ్చు. ఎలా? మహిళా సంఘంలో ఒప్పుకున్న పది మంది అక్కల్ని తీసుకో. అయిదుగురికి కొత్తది, అయిదుగురికి పాతది ఇచ్చావనుకో, చెయ్యి తిరిగిన వంటమనిషి ఎటు పడితే అటు గెలుపు. అందుకని ప్రతి అక్కా రెండు పొయ్యిల మీదా వండాలి. ఆమెని ఆమెతోనే పోల్చాలి. ముందు ఏ పొయ్యి? అక్కడే బొమ్మా బొరుసా వెయ్యి. ఎందుకంటావా? అందరూ పాతదాంతో మొదలుపెడితే, రెండోరోజుకి చెయ్యి కుదిరి కొత్తదానికి లాభం. కట్టెలు ఒకే మోపులోంచి, ఒకేలా ఎండినవి ఇవ్వు. బియ్యం, నీళ్లు కొలిచి పొయ్యి. వండకముందు కట్టెలు తూచి, వండాక మిగిలింది తూచి రాసుకో. ఒక్క పూటతో ఆపకు, రెండేసి మూడేసి పూటలు చేయించు. ఒక రోజు గాలి, ఒక రోజు వాన ఉంటాయి కదా. తూచే పిల్లకి ఏ కట్టెలు ఏ పొయ్యివో చెప్పకు. చెప్తే ఆమె కళ్లు కూడా కొత్తదాని వైపే మొగ్గుతాయి.

ఇలాంటి జాగ్రత్తంతా మన ఊరికి కొత్తేమీ కాదు. 1979 నుంచి పేపర్ మిల్లు నడుస్తున్న సారపాకలో, కలప కోసం 1989 ప్రాంతంలో జామాయిల్ మీద క్లోన్ల పని మొదలైంది. ఇవాళ రైతులు భద్రాచలం క్లోన్లు అని అడిగి కొనుక్కునే మొక్కలవే. గింజ మొక్కలు ఒక తల్లి పిల్లలైనా తలా ఒక తీరు పెరుగుతాయి. ఒకటి లావైతే అది నేల గొప్పా, గింజ గొప్పా తేలదు. మేలైన చెట్టు కొమ్మ కత్తిరించి వేళ్లు తెప్పిస్తే, వచ్చిన మొక్కలన్నీ అచ్చం ఆ చెట్టే. అప్పుడు ఏ క్లోన్ ఎక్కడ బాగుందో పోల్చడానికి వీలవుతుంది. పోల్చేటప్పుడు నేలని ఒకేలాంటి భాగాలుగా విడదీస్తారు. ఎర్ర చెల్క ఒక భాగం, నల్లరేగడి ఒక భాగం. ప్రతి భాగంలోనూ ప్రతి క్లోన్‌కీ చోటిస్తారు. భాగంలో ఏ వరస ఏ క్లోన్‌దో చీటీ చెప్పాలి. నువ్వు పొయ్యిల ప్రయోగంలో ప్రతి అక్కతోనూ రెండూ వండించావు చూడు, ఇదీ అదే. పుస్తకంలో బ్లాకులు అని చదివి భయపడుతున్నావు, అంతే.

పుస్తకాలు మనవి కావని కూడా అనుకోకు. ఈ విద్యలో ప్రపంచం నమస్కారం పెట్టిన మనిషి మన తెలుగింటి వాడు, కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. సి.ఆర్. రావు అంటే నీ సిలబస్‌లోనే కనబడతారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇవీ ఆయన చదువుకున్న ఊళ్లు. తర్వాత కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరారు. 1948లో కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గర డాక్టరేట్ పొందారు. ప్రయోగాలంటే చీటీ వెయ్యాల్సిందేనని ప్రపంచానికి నేర్పిన ఫిషరే ఆయన. పొయ్యి రకం, కట్టె రకం, గిన్నె, మూత ఇలా ఏడు సంగతులు ఒక్కోటి రెండు తీర్లుగా మార్చి చూడాలంటే 128 సార్లు వండాలి. ఏ అక్కకి ఓపిక? రావు గారు 1940ల్లో ఇచ్చిన ఆర్తోగోనల్ పట్టికలతో ఎనిమిది వంటల్లోనే ఒక్కో సంగతి ప్రభావం విడదీయొచ్చు, ఒకటి ఇంకోదాంతో మెలిక పడకుండా ఉంటే. తర్వాత రోజుల్లో ఫ్యాక్టరీల్లో నాణ్యత పెంచడానికి ఇవే పట్టికలు వాడుకున్నారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. తన పుస్తకం ఒకటి వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదట ఆవిడ. నిన్ను పొద్దున్నే లేపే అమ్మ మీద విసుక్కోకు, సరేనా?

ఇక్కడిదాకా చెప్పింది లెక్క సరిగ్గా రావడం గురించి. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్దది, ఇది మన గడ్డ మీదే జరిగింది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి హెచ్.పి.వి. టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. పద్నాలుగు వేల మంది దాకా పిల్లలు, వాళ్లలో ఎందరో ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన ఆడపిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలు టీకా వల్లేనని విచారణలో తేలలేదు. టీకా మంచిదే చెల్లీ, దాని మీద అనుమానం పెట్టుకోకు, ఇంట్లో పిల్లలుంటే డాక్టరుని అడిగి వేయించు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో తప్పుపట్టింది వేరే దాన్ని. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లీ తండ్రీ కాదు, హాస్టల్ వార్డెన్లు. ప్రయోగం అనే పేరు పెట్టకుండా వేరే పేరు పెట్టినందుకు ప్రయోగాలకుండే నియమాలు తప్పిపోతాయా అని కూడా ఆ సంఘం గట్టిగా నిలదీసింది.

ఆ కాగితాలు తలచుకుంటే నా మనసు ఇప్పటికీ కుతకుతలాడుతుంది. ఎక్కడో గూడెంలో ఉన్న తల్లిని అడగడానికి ఒక రోజు నడవాలి, అంతేగా? దగ్గర్లో ఉన్న వార్డెన్ సంతకం సులువైపోయింది. మనం ఎదురింటి వదిన దగ్గర ఫారం నింపుకున్నట్టే.

కాబట్టి నీ సర్వే చిన్నదే అయినా గడప దగ్గర ముందు ఈ మాటలు చెప్పు: "నేను ఫలానా కాలేజీ అమ్మాయిని పెద్దమ్మా, చదువు కోసం అడుగుతున్నా, పథకం ఏదీ రాదు, పోదు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తా." పథకం రాదని ముందే చెప్పడం తప్పనిసరి. లేకపోతే బండ వస్తుందన్న ఆశతో "మాకు గ్యాస్ లేదమ్మా" అంటారు, వాళ్ల ఆశా పాడవుతుంది, నీ లెక్కా పాడవుతుంది. ఫారం మీద పేరు రాయకు, చీటీ నంబరు చాలు. ఏ నంబరు ఏ ఇల్లో రాసిన కాగితం విడిగా పెట్టుకుని, పని అయ్యాక చింపెయ్యి. పొయ్యి ఫోటో తీయాలనిపిస్తే అడిగి తియ్యి, మనుషుల్ని తియ్యకు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంటే ఏమీ అడక్కుండా వచ్చేయి, అమ్మ ఉన్నప్పుడు మళ్లీ వెళ్లు.

రిపోర్టు కాలేజీలో ఇచ్చేశాక ఇంకో పని మిగులుతుంది, దాన్ని ఎగ్గొట్టకు. తేలిన సంగతి ఒకే ఒక్క పేజీలో, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి మహిళా సంఘం మీటింగుకి పట్టుకెళ్లు. గూడెంలో అయితే నీతో వచ్చిన స్నేహితురాలి చేత కోయలో చెప్పించు. వంద ఇళ్లలో ఎన్నిటిలో అన్నం కట్టెల మీద ఉడుకుతోందో, బండ తేకపోవడానికి ఆడవాళ్లు ఏ కారణం చెప్పారో వాళ్లకే ముందు తెలియాలి. గ్రూపు లీడరక్కకి ముందురోజే ఫోన్ చేసి అడుగు. పొదుపు డబ్బు లెక్క తేలాక పది నిమిషాలు ఇస్తుంది. మీటింగు సాయంత్రం ఉంటుంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు తమ్ముణ్ణి బండి వేసుకుని రమ్మను.